పుస్తకంలో లేని తుపాకీ

నేను ఒక నాటు తుపాకీని. కదిరి దగ్గర ఒక కొలిమిలో, పాత జీపు గొట్టానికి తుమ్మకర్ర బిగించి నన్ను తయారు చేశారు. కొడవలి చేసినా గొడ్డలి చేసినా తన గుర్తు కొట్టుకునే ఆ కమ్మరి, నామీద మాత్రం ఏ గుర్తూ వెయ్యలేదు. రెండు చేతులు మారి కదిరప్ప ఇంటికి చేరాను.

కదిరప్ప చెడ్డవాడు కాడు. నాలుగెకరాల్లో వేరుశెనగ వేసేవాడు. కాయ ఊరే వేళకు అడవిపందులు మందగా దిగి చేనంతా దున్నిపోసేవి. నన్ను ఆకాశంలోకి పేలిస్తే చాలు, ఆ చప్పుడుకే పరుగెత్తేవి. ఆ మాత్రం సాయానికి నన్ను బిడ్డలా తుడిచి, దొంగసొత్తులా గాదె వెనక దాచేవాడు. మనుషుల ప్రేమ అదో రకం!

ఒకరోజు పంచాయతీ ఆఫీసులో ఎస్సై సభ పెట్టి, లైసెన్సు లేని తుపాకులన్నీ అప్పజెప్పమన్నాడు. సభ ముగిసినా వాదన ముగియలేదు. కదిరప్ప, అతని స్నేహితుడు ఖాదర్‌వలి మా ఇంటి అరుగు మీద దాన్ని కొనసాగించారు. ఊళ్లో లైసెన్సు ఉన్న తుపాకీ ఖాదర్‌వలిదొక్కటే.

"పందులేమన్నా లైసెన్సు చూసి వస్తాయా అన్నా? పేరు రాయించుకుంటే రేపు ఏం జరిగినా మొదట మన గడపే తొక్కుతారు," అన్నాడు కదిరప్ప.

"తొక్కనీ. నా చేతిలోది ఏం చేసినా నాదే పూచీ అని ఒప్పుకోవడమే కదప్పా అది," అన్నాడు ఖాదర్‌వలి.

కదిరప్ప నవ్వేశాడు. నన్ను ఇవ్వలేదు.

పది రోజుల తరువాత, మంచు ఇంకా విడవని పొద్దున, గట్టు పక్కన పొద కదిలింది. ఆ రోజు కదిరప్ప నన్ను ఆకాశానికి ఎత్తలేదు. నేను పేలాను. పొద వెనక నుంచి మనిషి కేక వినబడింది.

ఆమె ఓబుళమ్మ. మేకలకు ఆకు కోసుకునేందుకు వచ్చింది. తొడనిండా సీసపు రవ్వలు దిగాయి. కదిరప్ప నన్ను పొదలో పారేసి, ఆమెను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. ఆటోలో ఆసుపత్రికి చేర్చాడట. డాక్టరు అడిగితే మాత్రం, "ఎవరు కాల్చినారో చూడలేదు సార్," అన్నాడట. అంత దూరం మోసిన మనిషికి నేనే కాల్చానన్న ఒక్క మాట మోయరానంత బరువైంది.

ఎస్సై తన లైసెన్సుల పుస్తకం తిరగేశాడు. అందులో ఊరికంతా ఒక్కటే తుపాకీ. ఖాదర్‌వలిని స్టేషనుకు పిలిచారు, మర్నాడూ పిలిచారు, ఆ మరునాడూ పిలిచారు. చీకటి పడ్డాక కదిరప్ప పొదలోంచి తెచ్చి మళ్లీ గాదె వెనక దాచిన నేను నిశ్చింతగా ఉన్నాను. తుపాకీ ఉందని చెప్పి బతికినవాడు తలవంచుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

వారం గడిచాక ఖాదర్‌వలి భార్య మస్తాన్‌బీ మా గడపలోకి వచ్చింది.

"అన్నా, ఆయన అట్లాంటోడు కాదని నువ్వొక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఎస్సై ఇంటాడు," అంది.

ఆమె వెళ్లాక కదిరప్ప గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని భార్య గంగరత్న గాదె వెనక్కి వెళ్లి, నన్ను తీసుకొచ్చి అతని ముందు పెట్టింది.

మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా కదిరప్ప నన్ను చేతుల్లో పట్టుకుని స్టేషనుకు నడిచాడు.

"ఆయన కాదు సార్. నేనే కాల్చినా. ఇదో, దీంతోనే."

ఖాదర్‌వలి బెంచీ మీద నుంచి లేచాడు. తిడతాడనుకున్నాను. "ముందే చెప్పింటే ఓబుళమ్మ దగ్గరికి ఇద్దరమూ పోయుందుము కదప్పా," అన్నాడు. ఆ మాటకు కదిరప్ప భోరున ఏడ్చాడు.

కేసు నడిచింది. వాయిదా రోజు నన్ను కోర్టు బల్ల మీద పెట్టారు. కర్ర ఊతంతో ఓబుళమ్మ బోనెక్కింది.

"కావాలని కాల్చలేదు, ఎరికే. నన్ను మోసింది గూడా ఆయనే. దావకానాలో నా మొగం చూస్తా అబద్ధమాడినాడే సార్, ఆ నొప్పి మటుకు పోలేదు," అంది.

తీర్పు ఇంకా రాలేదు. వచ్చాక నన్ను ముక్కలు చేసి కరిగిస్తారట. చెయ్యనీ. ఆ వాయిదా రోజు కానిస్టేబులు నన్ను పట్టుకుని వెనక వస్తుంటే, బెయిలు మీదున్న కదిరప్ప కోర్టు మెట్ల దగ్గర ఓబుళమ్మకు చెయ్యి అందించడం చూశాను. ఆమె ఆ చేతిని కాసేపు చూసింది. పట్టుకోలేదు. పక్కకు పొమ్మని కూడా అనలేదు. కర్ర ఆనించి ఒక్కొక్క మెట్టే దిగింది. కదిరప్ప ఆమెకు ఒక మెట్టు కింద, వెనక్కి తిరిగి చూస్తూ దిగాడు.