తోడికోడలి చేతి గంజి

తన దేహం గాజుగా మారిపోయిందని ప్రేమచంద్ నమ్మడం మొదలుపెట్టి అప్పటికి నెల దాటింది. మస్కట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసే మనిషి, అన్నదమ్ములిద్దరూ కలిసి ఉండే అజైబాలోని ఇంట్లో చుట్టూ దిండ్లు పేర్చుకుని, ఎవరైనా తాకితే పగిలిపోతానని వణికేవాడు. మాత్రలకు గుణం నెమ్మదిగా కనిపిస్తుందని డాక్టరు చెప్పాడు. భార్య మేరీకుమారిని అతడు గుర్తుపట్టడం లేదు. తమ్ముడి భార్య సెలిన్ చేతి గంజి మాత్రం తాగుతున్నాడు.

మేరీకుమారి ఆ ఒక్క సంగతిని భరించలేకపోయింది. మా తెలుగు సంఘం శుక్రవారం ప్రార్థనలో లేచి నిలబడి, తోడికోడలు తన భర్తకు మందు పెట్టిందని అందరి ఎదుటా చెప్పింది. సెలిన్ భర్త ఆండ్రూ తలెత్తలేక, భార్యను బాపట్ల పంపేస్తానని మాట ఇచ్చాడు. ఆ నిందతో వచ్చిన ఆడదాన్ని అక్కడ ఎవరు గడప తొక్కనిస్తారు? సంఘ పెద్దగా, విచారణ లేని శిక్షకు నేను సమ్మతించలేదు. మర్నాటి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను.

"మీ కళ్లతోనే చూడండి మేట్రన్‌గారూ," అంటూ మేరీకుమారి గంజి గిన్నెతో గదిలోకి దూసుకుపోయింది. భర్త భుజం పట్టుకుని, "నేనెవర్నండీ? చెప్పండి, నేనెవర్ని?" అంది.

అతడు కెవ్వున అరిచి గోడకు ఒదిగిపోయాడు. "ఎవరీవిడ? వెలుతురుకి అడ్డం తప్పుకోమనండి!"

"విన్నారా? పదేళ్లు కాపురం చేసినదాన్ని, నేను అడ్డమంట!"

సెలిన్ గుమ్మం దగ్గరే ఆగింది. "బావగారూ, రావచ్చా?" అతడు తల ఊపాక లోపలికెళ్లి, గిన్నె అందుకుని, కాస్త ఎడంగా కూర్చుంది. "ఇదిగో, చెంచా ఒకటే వస్తంది. నా చెయ్యి తగలదు." అతడు నోరు తెరిచాడు.

"అబ్బో, ఏం గారం! మొగుడికి నేను పరాయిదాన్ని, ఆవిడగారు అయినవాళ్లు!"

మేరీకుమారిని హాల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, కాన్వెంటులో మదర్ చెప్పిన చరిత్ర పాఠం వినిపించాను. ఆరు వందల ఏళ్ల క్రితం ఫ్రాన్సును ఏలిన ఆరవ చార్లెస్‌కు మతి చలించింది. ఒళ్లు గాజైపోయిందన్న భయంతో బట్టల్లో ఇనుప కడ్డీలు పెట్టించుకున్నాడు. రాణి ఎదుటికొస్తే, ఈవిడెవరు, పంపేయండి అనేవాడు. తమ్ముడి భార్య వలెంటీనాను మాత్రం చెల్లీ అని పిలిచి, ఆమె దగ్గర కుదుటపడేవాడు. లోకం ఆమెను మంత్రగత్తె అంది. ఆమె పారిస్ విడిచి వెళ్లక తప్పలేదు.

"ఆవిడ పోయాక నయమైందా?" మేరీకుమారి గొంతులో ఆశ దాగలేదు.

"లేదు. చచ్చేదాకా ఆ జబ్బు వస్తూ పోతూనే ఉంది. నర్సువి నువ్వు. వార్డులో రోగిని ఇలాగే కుదుపుతావా?"

"వార్డులో వాళ్లు నా మొగుళ్లు కారు కదండీ!"

ఆ మాట నిజమే. అయినా తీర్పు మారదు. "ఎక్కడ నిలబడి నింద వేశావో అక్కడే నిలబడి తీసెయ్యి. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

తరువాతి శుక్రవారం ఆమె లేచింది. "సెలిన్ ఏ మందూ పెట్టలేదు. ఓర్వలేక అన్నాను," అని కూర్చుంది. సెలిన్ ముఖం మాత్రం చూడలేదు. ఆండ్రూ ప్రయాణం మానిపించాడు.

ఆ మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మేరీకుమారి గిన్నె పట్టుకుని గుమ్మం దగ్గర ఆగి, "రావచ్చా?" అంది.

ప్రేమచంద్ దిండ్లు దగ్గరకు లాక్కున్నాడు. "మెల్లగా రండి."

కట్టుకున్నదాన్ని 'రండి' అన్నాడు. ఆమె పెదవి కొరుక్కుని, ఎడంగా కూర్చుని, చెంచా చాచింది. అతడు రెండు గుక్కలు తాగి, "మా సెలిన్ ఏదండీ?" అన్నాడు.

"వంటింట్లో ఉంది. పిలుస్తాను."

పిలిచింది. సెలిన్ వచ్చి చెయ్యి చాచినా, మేరీకుమారి గిన్నె మాత్రం ఇవ్వలేదు.