నేలకు ఆనని నుదురు

తఫీదా మొండిఘటమని ఈజిప్టులోని దమన్‌హూర్‌లో వాళ్ల సందు సందంతా ఒప్పుకుంటుంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయని డాక్టరమ్మ ఈనాస్ ఎక్స్‌రే చూపించిన రోజునే, అడగకముందే, ఆపరేషన్ వద్దనేసింది. మోకీళ్లు మార్పించుకున్నవాళ్లు నమాజులో మోకరిల్లి నుదురు నేలకు ఆనించలేరని ఎవరో ఆమె చెవిన వేశారు. నుదురు నేల తాకకపోతే అదేం సజ్దా అని ఆమె పట్టు.

డాక్టరమ్మ తొందరపెట్టలేదు. కత్తి ఆఖరి మాటేనంది. బరువు తగ్గమంది, తొడ కండలకు వ్యాయామాలు నేర్పింది, చేతికర్ర పట్టించింది, మరీ ఓర్చుకోలేనప్పుడు సూది వేసింది. తఫీదా అన్నీ చేసింది. ప్రాణంతో సమానమైన నేతి ఫతీర్ రొట్టెలు కూడా మానేసింది. ఇవి చాలవన్నట్టు ఏటా ఎండాకాలం కోడలు నగ్వాను వెంటబెట్టుకుని బస్సెక్కి ఎడారిలోని సీవా ఒయాసిస్సుకు పోయేది. అక్కడ మిట్టమధ్యాహ్నం ఇసుకలో గొయ్యి తీసి ఆమెను మెడదాకా పూడ్చేవాళ్లు. ఆపైన గాలి తగలకుండా గుడారంలో దుప్పటి కప్పుకుని చెమటలు కక్కేది. లేచేసరికి కాళ్లు తేలికయ్యేవి.

మొదటి ఏడు ఆ సుఖం చలికాలం దాకా నిలిచింది. మరుసటేడు పత్తి తీతల దాకా. ఆ తరవాత ఇల్లు చేరేసరికే నొప్పి తిరగబెట్టేది. అయినా ఇసుక బాగానే పనిచేస్తోందనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు జాలిపడితే, లోహపు ముక్క కోసం సజ్దా అమ్ముకునే రకం కాదు నేనని దెప్పేది. నమాజు తలుపేసుకుని చేసుకునేది కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పే దిక్కు లేదు.

ఈసారి కుడికాలు చాచినా సాగడం లేదు. రాత్రిళ్లు నిద్ర లేదు. డాక్టరమ్మ పట్టి చూసి, ఇంకా ఆగితే కాలు వంకరగానే బిగుసుకుపోతుందని, తరవాత కోసినా పూర్తిగా దారికి రాదని చెప్పింది. తఫీదా మళ్లీ సజ్దా మాటెత్తింది.

"హగ్గా, ఒక్కటి చెప్పండి. మీ నుదురు నేలకు ఆని ఎన్నాళ్లయింది?" అని డాక్టరమ్మ, హజ్ చేసొచ్చిన పెద్దావిడను పిలిచినట్టు గౌరవంగానే అడిగింది.

"మొన్న శుక్రవారమే" అంది తఫీదా తడుముకోకుండా.

పక్కనే కూర్చున్న నగ్వా తల దించుకుంది. అయిదు పూటలా నమాజు చాప మీద కుర్చీ వేసేది ఆమే. దించుకున్న ఆ తలను తఫీదా చూసింది. నమాజు విషయంలోనే అబద్ధమాడానని తెలిసొచ్చింది.

"అబద్ధమాడాను తల్లీ. మనవడు పుట్టిన ఏడాది ఆనించాను, అంతే. వాడిప్పుడు బడికెళ్తున్నాడు."

"మరి నిలబడైనా చేస్తున్నారా?"

"లేదు. మొత్తం కూర్చునే."

ఆ మాట బయటికి అన్నాక ఏడుపు ఆగలేదు. కత్తికి చిక్కకుండా ఇన్నేళ్లూ కాపాడుకుంటున్నానని అనుకున్నది ఎప్పుడో చేజారిపోయింది. దాని వెనకే నిలబడడమూ పోయింది. ఖాళీ కొట్టుకు తాళం వేసి కాపలా కాసింది.

ఈనాస్ ఆమె తేరుకునే దాకా ఆగింది. ఆపరేషన్ అయ్యాక కొందరు మోకరిల్లగలుగుతారని, కొందరి వల్ల కాదని, నుదురు సంగతి తాను మాటివ్వలేనని దాచకుండా చెప్పింది. నిలబడి నడుస్తారని మాత్రం గట్టి నమ్మకముందంది.

తఫీదా తలముసుగు అంచుతో ముఖం తుడుచుకుంది.

"నుదురు సంగతి అల్లా చూసుకుంటాడు. ముందు నన్ను ఆయన ఎదుట నిలబెట్టమ్మా."