శెట్టిగారి మందులేని తోట

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు మార్కాపురంలో బ్రహ్మానందం శెట్టి తన దుకాణంలో పురుగుమందు పొడి అమ్మకానికి పెట్టాడు. ఒక్కరూ కొనలేదు. చివరికి కొనకనమిట్ల రైతు రాఘవయ్యను బతిమాలి, అతని ఎద్దులబండిలోనే తర్లుపాడు దారిలోని తన పండ్లతోట చూపించడానికి బయలుదేరాడు.

ఆ తోట వేయించింది శెట్టి భార్య వసుంధర. ఒకే రకం చెట్లు బారులు తీరితే పురుగుకు విందు పెట్టినట్టేనని, చీనీ, అంటే బత్తాయి, చెట్ల మధ్య జామ, దానిమ్మ, సీతాఫలం కలిపి నాటించింది. పురుగు దరిచేరకుండా గట్ల మీద బంతిపూల మొక్కలు వేసింది. తోటలో పనిచేసే రూతమ్మ కోళ్లు పొద్దంతా చెట్ల మొదళ్లు కెలికి పురుగులు ఏరుకు తినేవి.

"చూడు రాఘవన్నా, ఒక్క కాయన్నా పుచ్చిందా? అంతా మన పొడి మహిమ!" అన్నాడు శెట్టి.

అంతలో కోళ్లు పిల్లలతో సహా వచ్చి వాళ్ల కాళ్ల చుట్టూ మూగాయి.

"అది సరే శెట్టీ, అంత మందు చల్లితే ఈ కోళ్లు ఎట్ల బతికినాయి?" అన్నాడు రాఘవయ్య.

శెట్టి కోళ్లను కాలితో పక్కకు తోలాడు. "అవి... ఇప్పుడే వచ్చినాయి."

జామచెట్టు కింద ఉన్న వసుంధర పకపకా నవ్వింది. "ఏం మందన్నా? ఆ పొడిని నేను తోట గడప తొక్కనిస్తేగా!"

రాఘవయ్య ఆమె దగ్గర జామ మొక్కలు, రూతమ్మ దగ్గర రెండు పెట్టలు అడిగి తీసుకున్నాడు. తిరుగుదారిలో కోళ్లబుట్ట పట్టుకునే పని, గుడ్డు కూడా ముట్టని శెట్టి మీద పడింది.

"గట్టిగా పట్టుకో శెట్టీ," అన్నాడు రాఘవయ్య ఎద్దుల్ని అదిలిస్తూ, "నా పురుగుమందు ఎగిరిపోతుంది."