లగాష్ సైన్యం బల్ల దిగిన రోజు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్కెస్టన్ ఊళ్ళో చర్చి వెనకున్న హాలు తలుపు తీసేది గ్లెనిసే. తాళం తీసి, హీటర్లు వేసి, టీ బాయిలర్‌లో నీళ్ళు నింపి, బిస్కెట్లు పళ్ళేల్లో సర్దేది. మగవాళ్ళు వచ్చేసరికి హాలు వెచ్చబడాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతే పాపం వాళ్ళు యుద్ధం చేయలేరు.

వాళ్ళు చేసే యుద్ధం బల్ల మీద. నాలుగు బల్లలు కలిపి ఇసుకరంగు దుప్పటి పరిచేవాళ్ళు. కాళ్ళు తుడుచుకునే పీచుపట్టాలు ముక్కలుగా కోసి పెడితే అవి బార్లీ చేలు. నీలం రిబ్బను కాలవ. కాలవకు అటు ఉమ్మా నగరం, ఇటు లగాష్ నగరం. నాలుగైదు వేల ఏళ్ళ కిందట సుమేరు దేశంలో ఆ రెండు ఊళ్ళూ గట్టు తగాదాతో తరాల తరబడి తన్నుకు చచ్చాయి. ఆ తగాదా తీరకుండానే రెండు ఊళ్ళూ మట్టికొట్టుకుపోయాయి. మిగిలింది ఏమన్నా ఉంటే తీర్చేద్దామని ఇల్కెస్టన్‌లో రిటైరైన మగవాళ్ళు కంకణం కట్టుకున్నారు.

సైనికులు సీసపు బొమ్మలు. ఒక్కొక్కడూ వేలి కణుపు కంటే కాస్త పొడుగు. గొర్రెబొచ్చు లుంగీ, రాగి టోపీ, చేతిలో బల్లెం. కాళ్ళ కింద చిన్న చెక్కముక్క అతికించి ఉంటుంది. టేపుతో కొలిచి వాళ్ళను జరపాలి, పాచిక వేసి చంపాలి. అవతలివాడి బొమ్మను ముట్టుకోవాలంటే ముందు అడగాలి. అడక్కుండా ముట్టుకోవడం అవతలివాడి కంచంలో చెయ్యి పెట్టడం లాంటిది.

అప్పుడప్పుడు బొమ్మలు వాటంతట అవే నడిచేవి. యజమాని మీద మనసు విరిగితే చాలు, కాళ్ళకింది చెక్కముక్కతో సహా గీరుకుంటూ బల్ల దాటి ఇంకొకరి వైపుకు వెళ్ళిపోయేవి. దానికి క్లబ్బులో ఒక నియమం ఉంది. బొమ్మ ఎవరి దగ్గరికి నడిచి వెళ్తే వాళ్ళది. టీకి ఎవరు పాలు తేవాలి అన్న నియమం పక్కనే అదీ గోడమీద ఉంది. రెంటిలో పాల నియమం మీదే గొడవలెక్కువ.

నోరిస్ టాగ్ బొమ్మలు తరచూ వెళ్ళిపోయేవి. బస్సు డ్రైవరుగా చేసినన్నాళ్ళూ ప్రయాణికుల మీద అరిచిన నోరు, రిటైరయ్యాక తన ఉమ్మా సైన్యం మీద పడింది. పాచికలో ఒకటి పడితే బొమ్మల్ని తిట్టేవాడు. కిందటేడు అతని వడిసెలవాళ్ళు అందరూ ఒకేసారి లేచి క్లబ్బులో ఆడే పళ్ళ డాక్టరు సైన్యంలో చేరిపోయారు. డాక్టరు వాళ్ళను తన పెట్టెలో పెట్టుకుని, నోరిస్‌కు కనీసం సారీ కూడా చెప్పలేదు.

డెస్మండ్ ఓర్మ్ సైన్యంలోంచి మాత్రం ఒక్కడు కూడా కదిలింది లేదు. డెస్మండ్ గ్లెనిస్ భర్త. లగాష్ సైన్యం అతనిది. "క్రమశిక్షణ అంటే ఇదీ," అనేవాడు, ఛాతీ విరుచుకుని. అది తనను చూసి భయమని అతని నమ్మకం.

ఆ సైన్యానికి రంగులు వేసింది గ్లెనిస్. ప్రతి చలికాలం వంటింటి బల్ల మీద దీపం పెట్టుకుని, కుంచె మొన పెదాల మీద తడిపి, ఆవగింజంత కళ్ళకు కనుపాపలు దిద్దేది. ఒకసారి వేసిన మొహం రెండోసారి వేసేది కాదు. ఒకడు అప్పుడే నిద్రలేచినట్టుండేవాడు, ఒకడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చినట్టుండేవాడు. యుద్ధంలో రంగు పెచ్చులూడితే మర్నాడే కూర్చుని సరిచేసేది. పిల్లల్లేని ఇంట్లో అదో పిచ్చి అనుకునేవాడు డెస్మండ్. ఏటా బొమ్మల ప్రదర్శనలో బహుమతి కప్పు మాత్రం అతనే అందుకునేవాడు. "చెయ్యి వణక్కూడదండీ, అంతే రహస్యం," అని అడిగినవాళ్ళకు చెప్పేవాడు. పక్కనే కోటు పట్టుకుని నిలబడ్డ గ్లెనిస్ వినేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది.

అతను సొంతంగా రంగు వేసింది ఒక్క బొమ్మకే. అది రాజు. నాలుగు అడవిగాడిదలు లాగే బండి మీద నిలబడి ఉంటాడు. ఒక కన్ను ఉండాల్సిన చోట ఉంది, రెండోది నుదుటి మీదికి పాకింది.

ఆ శనివారం నోరిస్ వస్తూనే గొడవ పెట్టుకోవాలని వచ్చాడు. అతనూ డెస్మండూ బళ్ళో ఒకే బెంచీ. అప్పటినుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"ఒరే డెస్మండూ, నీ బొమ్మలకి గౌన్లు తొడగడం అయిందా మీ ఆవిడకి?" అన్నాడు.

"రంగులు వేసేది నేను."

"నువ్వా! మీ గేటుకి రంగు వేస్తే సగం పక్కింటి పిల్లి మీద పడింది కదరా. ఊరంతా ఆకుపచ్చ పిల్లిని చూశాం."

హాలంతా గొల్లుమంది. డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వుతున్న వాళ్ళలో ఒక్కడైనా తనవైపు ఉన్నాడేమోనని చూశాడు. లేడు.

"అంత పొగరుగా ఉంటే పందెం కాయి," అన్నాడు. "ఇవాళ నేను ఓడితే లగాష్ సైన్యం మొత్తం నీది. నువ్వు ఓడితే ఈ హాలు గడప తొక్కకూడదు. మళ్ళీ ఎప్పటికీ."

"మొత్తం అంటే?"

"బండితో సహా."

"సరే కాసుకో. గెలిచిన రోజే డెట్టాల్ బకెట్లో పడేస్తా. వారం నానితే రంగంతా ఊడి వస్తుంది. పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో మిగిలింది గీకేసి, అందరికీ ఒకటే మట్టిరంగు కొడతా. అప్పుడు చూపించు నీ కప్పులు."

వంటగదిలోంచి టీ ఇచ్చే కిటికీ వెనక గ్లెనిస్ చేతిలో కప్పు కింద పెట్టేసింది. తనను ఒక్క మాటైనా అడుగుతాడేమోనని కాసేపు అలాగే నిలబడింది. డెస్మండ్ ఆమె వైపు తిరిగి చూశాడు కూడా.

"రెండు చెంచాలు చక్కెర," అన్నాడు.

మధ్యవర్తి టాన్స్‌లీ గారు. రైల్వేలో సిగ్నళ్ళు చూసిన మనిషి. న్యాయం తప్పడు, నవ్వడు. "ఇద్దరూ బుర్రతో ఆలోచించే అంటున్నారా?" అని అడిగాడు. ఇద్దరూ అవునన్నారు. అందులో ఏదీ నిజం కాదు గానీ, ఆట మొదలైంది.

గ్లెనిస్ ఆ మధ్యాహ్నం టీ పోయడం మానేసి కిటికీ దగ్గరే నిలబడిపోయింది. ఆటలో ఆమెకు తెలియనిది లేదు. డెస్మండ్ మొండిగా ఆడుతున్నాడు. బల్లేలవాళ్ళను వరుసకట్టి కాలవ దాటించాడు, వెనక ఎవర్నీ ఉంచలేదు. నోరిస్ చేలచాటున దాచిన వాళ్ళను పక్కనుంచి తోశాడు. చచ్చిన ఒక్కొక్క బొమ్మనూ బల్ల అంచున పడుకోబెడుతుంటే ఆమె మొహాలు గుర్తుపట్టింది. పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడు పడ్డాడు. నిద్రలేచినవాడు పడ్డాడు. ఆటలో చచ్చినవాళ్ళు వచ్చే వారం లేస్తారు. డెట్టాల్‌లో మునిగినవాళ్ళు లేవరు.

చివరికి అంతా ఒక్క పాచిక మీదికి వచ్చింది. రాజు బండి నోరిస్ వరుసను గుద్దాలి. నాలుగు గాని ఆపైన గాని పడితే లగాష్ గెలుపు. డెస్మండ్ పాచికను గుప్పిట్లో ఊపి వేశాడు. అది దొర్లి దొర్లి పీచుపట్టా అంచుకు చేరగిలబడి ఆగింది. పైకి ఆరు కనిపిస్తోంది.

"ఆరు!" అని ఎగిరాడు డెస్మండ్.

"ఒరిగి ఉంది," అన్నాడు టాన్స్‌లీ. "ఒరిగిన పాచిక మళ్ళీ వేయాలి. నీకు తెలియనిది కాదు."

"కళ్ళు పోయాయా? ఆరు కనిపించట్లా?"

"పోయిన నెల నాకు ఒరిగినప్పుడు నువ్వే కదరా మళ్ళీ వేయించావు!" అని నోరిస్ బల్ల గుద్దాడు. "వెయ్యరా, వెయ్యి!"

డెస్మండ్ మళ్ళీ వేశాడు. ఒకటి పడింది.

నోరిస్ వంగి, అడగనైనా అడక్కుండా, ముందు వరుసలో ఉన్న బల్లెగాణ్ణి రెండు వేళ్ళతో తలకాయ పట్టుకుని ఎత్తాడు.

"వాణ్ణి కింద పెట్టు," అంది గ్లెనిస్.

ఆమె వంటగదిలోంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఏప్రన్‌తోనే బల్ల చివర నిలబడి ఉంది.

"అమ్మా, మీ ఆయన పందెం కాసి ఓడాడు. నన్నంటే ఏం లాభం?"

"నీకు చెప్పేది లేదు నోరిస్. నీకు దక్కిందల్లా పాడుచేయడమేగా నీకు వచ్చింది. బొమ్మలు కూడా నీ దగ్గర నిలవ్వు." డెస్మండ్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవర్నడిగి కాశావు?"

"గ్లెనిస్, నలుగురిలో పరువు తియ్యకు. వెళ్ళి టీ చూడు."

"ఎవర్నడిగి కాశావని అడిగాను."

"అబ్బ, సీసపు ముక్కలే కదా!" అన్నాడు డెస్మండ్. "వచ్చే చలికాలం కూర్చుని ఇంకోటి వేద్దువు గాని. నీకు వేరే పనేముంది?"

నోరిస్ వేళ్ళ మధ్య ఉన్న బల్లెగాడు గిలగిలలాడి జారి బల్లమీద పడ్డాడు. లేచి నిలబడి లుంగీ దులుపుకున్నాడు. తర్వాత గీరుకుంటూ గ్లెనిస్ వైపు నడవడం మొదలుపెట్టాడు. అతని వెనక వరుసలో వాళ్ళు కదిలారు. బల్ల అంచున పడుకోబెట్టిన చచ్చినవాళ్ళు కూడా లేచి కూడుకున్నారు. బార్లీ చేల మధ్యనుంచి, కాలవ మీదుగా, ఉమ్మా సైనికుల కాళ్ళ పక్కనుంచి లగాష్ సైన్యమంతా చెక్కముక్కల మీద గరగరలాడుతూ వచ్చింది. ఉమ్మావాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఆగండి!" అని అరిచాడు డెస్మండ్. "నేను చెప్తున్నా, ఆగండి! బారు కట్టండి!"

ఒక్కడూ తల తిప్పలేదు. అంతవరకూ వాళ్ళు తనకు భయపడి నిలబడ్డారనుకున్నాడు. వాళ్ళు ఆ వంటగది కిటికీలో ఉండే గ్లెనిస్‌ను చూస్తూ నిలబడ్డారని ఇప్పుడు తెలిసింది.

గ్లెనిస్ ఏప్రన్ అంచులు రెండు చేతులా ఎత్తి ఒడి పట్టింది. బల్ల చివరికి వచ్చినవాడు వచ్చినట్టు అందులోకి దూకాడు. తొక్కిసలాట లేదు, తోపులాట లేదు. ఒడి బరువెక్కుతున్నకొద్దీ ఆమె మోకాళ్ళు కాస్త వంచి నిలదొక్కుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు.

ఆఖరికి బల్లమీద బండి ఒక్కటే మిగిలింది. కాడి దగ్గర టిక్కుమని జిగురు విరిగింది. ఒకదాని వెనక ఒకటి నాలుగు గాడిదలూ విడివడి, తలలు విదిలించుకుని, బల్ల చివరిదాకా దుడుదుడుమని వెళ్ళి ఒడిలోకి దూకాయి. వాటికి రంగు వేసింది కూడా గ్లెనిసే మరి. గాడిదలు లేని బండి ముందుకు ఒరిగింది. రాజు ఒక కంటితో బల్లనూ, ఒక కంటితో హాలు పైకప్పునూ చూస్తూ నిలబడ్డాడు.

"ఇది అన్యాయం!" అన్నాడు నోరిస్. "గెలిచింది నేను! అవి నావి!"

"బొమ్మ ఎవరి దగ్గరికి నడిచి వెళ్తే వాళ్ళది," అన్నాడు టాన్స్‌లీ. "నీ వడిసెలవాళ్ళప్పుడు ఏ నియమమో ఇప్పుడూ అదే. రాజు నీ వాటాకి వచ్చాడు, తీసుకుపో."

నోరిస్ రాజును ఎత్తి మొహం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఈ పీడ నాకెందుకు," అని డెస్మండ్ ముందుకు విసిరాడు.

గ్లెనిస్ బొమ్మల పెట్టె తెరిచి ఒక్కొక్కణ్ణీ స్పాంజి గూళ్ళలో పడుకోబెట్టింది. తొందరపడలేదు. పళ్ళ డాక్టరు సాయానికి చెయ్యి చాపి, ముట్టుకోవచ్చా అని అడిగాడు. వద్దంది. ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. కోటు తొడుక్కుంది. డెస్మండ్ వెనకాలే బయటికి వచ్చాడు. వాన జోరుగా పడుతోంది.

"సరే, మన సైన్యం మనకి దక్కింది," అన్నాడు, గొంతు తగ్గించి. "మంచి నాటకమే ఆడావు. నోరిస్ గాడి మొహం చూశావా? పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

గ్లెనిస్ పెట్టెను కారు ముందు సీట్లో, అతను ఎప్పుడూ కూర్చునే చోట పెట్టింది. సీటు బెల్టు లాగి దానికి బిగించింది. ఇటు తిరిగివచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

"నేను మాట్లాక్ వెళ్తున్నా, మా అక్క దగ్గరికి."

"ఇప్పుడా? ఎప్పుడొస్తావు?"

"రాను, డెస్మండ్."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. జుట్టులోంచి వాననీళ్ళు కళ్ళలోకి కారుతున్నాయి. ఆమెను అడగాల్సినవి ఎన్ని ఉన్నాయో అన్నీ వదిలేసి ఇది ఒక్కటే అడిగాడు.

"మరి నేను ఇంటికెలా వెళ్ళను?"

"నడిచి వెళ్ళు," అంది గ్లెనిస్, అద్దం పైకి ఎత్తుతూ. "వాళ్ళు నడవలేదూ?"