తాతగారు ఇంట్లోనే ఉన్నారు

దేశాన్ని గెలిచిన స్పెయిన్‌వాళ్ళు తమలో తామే రెండు ముఠాలై కొట్టుకుంటున్నారు. కుస్కో నగరం చిలీవాళ్ళనే ముఠా చేతిలోంచి మళ్ళీ పిజారో మనుషుల చేతికి వచ్చిందని ఆ ఊరి ఇల్లాలు చింపుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నిన్నటిదాకా లెదెస్మా గుర్రం కట్టేసిన చోట ఈ పొద్దు ఒల్మెదో గుర్రం నిలబడి పేడ వేస్తోంది.

ఆ ఇద్దరూ స్పెయిన్ నుంచి ఒకే ఓడలో వచ్చి, ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు. ఇప్పుడు చెరో పక్షంలో చేరి, చింపు వాళ్ళ రాతి ఇల్లు నాదంటే నాదని కత్తులు దూసుకుంటున్నారు. కిందటేడు తగవు తీర్చడానికి వచ్చిన అధికారి, ఇల్లెవరిదని చింపునే అడిగాడు.

"మా తాతగారిది. లోపలి గదిలో ఉన్నారు. లేవలేరు," అంది.

ఆమె దృష్టిలో అందులో అబద్ధం లేదు. తాతగారు చింపు పుట్టకముందే పోయారు. అంతమాత్రాన ఇల్లు ఆయనది కాకుండా పోతుందా? పాడవకుండా ఎండబెట్టి, మెత్తటి ఉన్ని బట్టల్లో చుట్టి కూర్చోబెట్టిన పెద్దాయనకి పూటపూటా తిండి పెట్టుకుంటూ, ఆయన ఇంట్లో బతికేవాళ్ళు వీళ్ళు. అధికారి మాత్రం మంచం పట్టిన ముసలివాణ్ణి ఊహించుకుని జాలిపడ్డాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఆయనదే, పోయాక నగరం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మనిషిదని తేల్చి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి తాతగారి దశ తిరిగింది. చిలీవాళ్ళ పెత్తనం సాగినన్నాళ్ళూ, ముసలాయన ఇప్పుడే పోతే ఇల్లు లెదెస్మా పాలవుతుందన్న బెంగతో ఒల్మెదో చాటుగా కోళ్ళు పంపించాడు. ఇప్పుడు ఆ బెంగ లెదెస్మాది. దాక్కున్న చోటునుంచే పొద్దున్న తేనె పంపించాడు.

"వదినా, వీళ్ళు మన బతికున్నవాళ్ళకి ఎప్పుడైనా ఇంత పెట్టారా?" అంది ఆడపడుచు సిస.

"ఆయన ముందు పెట్టాక తిన్నది నువ్వేగా. నోరు మూసుకుని మొక్కజొన్న నూరు."

ఇంతలో ఒల్మెదో లోపలికొచ్చాడు. "ఎలా ఉన్నాడు మీ ముసలాయన?"

"నిన్నటిలాగే ఉన్నారు దొరా."

"ఏడాదిగా ఇదే పాట. ఇవాళ నేనే చూస్తాను, తప్పుకో."

చింపు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇల్లు పోతే పోయింది, తాతగారిని వీధిలోకి ఈడుస్తారు. చెవుల బంగారం ఊడబెరుక్కుని నిప్పు పెడతారు. పక్కవీధివాళ్ళు ఇలాగే కూర్చోబెట్టుకున్న పెద్దావిడకి అదే గతి పట్టింది.

ఒల్మెదో ఆమెను పక్కకి నెట్టి వెళ్ళాడు.

తాతగారు మోకాళ్ళు గుండెకి ఆనించుకుని కూర్చుని ఉన్నారు. ముందు ఉడికించిన బంగాళాదుంపలు, ముంతలో మొక్కజొన్న కల్లు. ఒల్మెదో వంగి చూశాడు. ముట్టుకుని చూశాడు.

"నా కోళ్ళు..." అన్నాడు చివరికి.

"ఒక్కటీ వృథా పోలేదు దొరా," అంది చింపు.

అతని చెయ్యి తాతగారి చెవి దగ్గరికి వెళ్ళింది. అప్పుడే వాకిట్లో ఎవరిదో కేక. గెలిచిన నాయకుడి వెంట లీమా నుంచి వచ్చిన కొత్తవాడు.

"ఈ ఇల్లు ఖాళీయేనా? నన్నొక ఇల్లు చూసుకోమన్నారు."

ఒల్మెదో చెయ్యి ఆగిపోయింది. నగరం పిజారో మనుషులదే. కానీ పిజారో మనుషులు అతనొక్కడేనా? అతను పోట్లాడి తెచ్చిన గెలుపు వాడికీ గెలుపే. ముసలాయన లేడని తెలిస్తే ఇంటికి వాడూ పోటీకొస్తాడు. ఆ సంగతి అతనికి మెల్లగా తెలిసిరావడం చింపు అతని మొహంలో చూసింది.

"ఖాళీ ఎక్కడిది?" అంటూ అతను గడప దగ్గరికి నడిచాడు. "ముసలాయన ఉన్నాడు. అధికారి తీర్పు ఉంది. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడానికి నేనున్నాను."

"ఎన్నాళ్ళుంటాడేమిటి?"

"మొండిఘటం. మనందరినీ సాగనంపిగానీ కదలడు."

వచ్చినవాడు తిట్టుకుంటూ పోయాడు. ఒల్మెదో జీను భుజాన వేసుకుని పెద్ద గదివైపు నడవబోయాడు.

"అటు కాదు దొరా. మీకు దొడ్డివైపు కొట్టు. పెద్ద గది తాతగారు ఎవరికీ ఇవ్వరు."

"ఒకసారి అడిగి చూడకూడదా?"

చింపు లోపలికి వెళ్ళి, కాసేపుండి, తిరిగొచ్చింది.

"వద్దంటున్నారు," అంది.