వంతెన పాటకు మరో గొంతు

బావకు ఫోను చేయడానికి ఆమెకు ప్రతి ఆదివారమూ ఒక కారణం కావలసి వచ్చేది. అక్క బతికి ఉన్నంతకాలం ఆ అవసరం కలగలేదు. ఫోను ఎత్తేది అక్కే, బావ చేతికి ఇచ్చేదీ అక్కే, ఆయన నాలుగు మాటలైనా ఆడకముందే లాక్కునేదీ అక్కే. అక్క పోయాక ఆమె ఒకసారి ఆ ఇంటికి వెళ్ళింది. కట్టుడు పళ్ళు తయారుచేసే ఆయన పనిగది వీధివైపే ఉంటుంది. అక్కడే, సున్నపుముద్దతో పోసిన దవడల అచ్చుల మధ్య, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన ఎండల గురించి ఒక మాట అన్నాడు. ఆమె బస్సుల రద్దీ గురించి ఒక మాట అంది. ఆపైన ఇద్దరికీ మాట దొరకలేదు. తిరుగు బస్సు ఎక్కాక ఆమెకు బోధపడింది, ఇన్నేళ్ళూ తామిద్దరూ మాట్లాడుకున్నదంతా అక్క మీదుగానే అని.

ఆ స్థితిలో అక్కరకు వచ్చింది ఒక పాత రాక్ పాట. వంతెన మీద ముందు నడిచిపోతున్న మనిషిని వెనకనుంచి ఒకడు పిలుస్తూ ఉంటాడు; ఆ మనిషి వెనుదిరగదు. పాటలో ఉన్నది అంతే. నలుగురు కుర్రాళ్ళు గిటార్లతో, డ్రమ్ములతో పాడిన ఆ పాటను తర్వాత ఎందరో ఎవరి తీరులో వాళ్ళు మళ్ళీ పాడారు. ఏది గొప్పదన్న తగవు అక్కా బావల కాపురమంత పాతది.

"అసలుదే అసలు. తక్కినవన్నీ కట్టుడు పళ్ళు" అనేవాడు బావ.

"వాటితోనే కదండీ మనం అన్నం తింటున్నాం, అంత చులకనా?" అనేది అక్క. ఎవరో ఒకావిడ పియానో ఒక్కటే పెట్టుకుని, నెమ్మదిగా పాడిన తీరు అక్కకు ప్రాణం. తీర్పు చెప్పవలసిన పని చెల్లెలిది. ఏ తీర్పు చెప్పినా ఓడినవాళ్ళు ఆమెను లంచగొండి అనేవారు.

అందుచేత, అక్క పోయిన కొన్నాళ్ళకు ఆ పాటనే బాకాల బృందం ఒకటి వాయించగా విన్నప్పుడు, ఆమె చేయి తనంతట తానే ఫోను మీదికి వెళ్ళింది. బావ విన్నాడు. "పెళ్ళివారు వంతెన మీద ఇరుక్కుపోయినట్టుంది" అన్నాడు. ఆమె నవ్వింది. మరుసటి ఆదివారం ఆయనే ఒకటి వెతికి వినిపించాడు. అలా అది కట్టుబాటైంది. పాట పూర్తయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. పూర్తయ్యాక ఒక గుణం, ఒక దోషం చెప్పి తీరాలి. ఆ తర్వాత అసలు పాటతో పోల్చి ఎక్కడ నిలుస్తుందో తేల్చాలి. బడిపిల్లల బృందగానం, నాలుగు వయొలిన్ల మేళం, ఇనుపసామాను కొట్టు కూలినట్టు అరిచిన గుంపు, అన్నీ వాళ్ళ విచారణకు నిలబడ్డాయి.

ఏ సరుకుకైనా తరుగు తప్పదు. కొత్తవి అరుదయ్యాయి, విన్నవే మళ్ళీ రాసాగాయి.

"ఇది విన్నాం కదమ్మా మైకూ" అన్నాడు బావ ఒక ఆదివారం. బస్టాండులో ప్రకటనలు చదివే ఉద్యోగం ఆమెకు దొరికిన రోజున అక్క పెట్టిన పేరది. "అయిపోయినట్టున్నాయి. పోనీలే, చాలానే విన్నాం."

ఆ 'పోనీలే' ఆమెను వారమంతా నిలవనీయలేదు. పాటలు అయిపోతే ఫోను ఆగిపోతుంది. ఫోను ఆగిపోతే, తనను పేరుపెట్టి పిలిచే గొంతు ఇక లేదు. ఆ సంగతి నోరు విప్పి చెప్పవచ్చు కదా అంటే, చెప్పే విద్యను ఆమె ఉద్యోగమే పోగొట్టింది. గాజుగదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పే మనిషి ఏ మాట మీదా బరువు వేయకూడదు. 'ఆలస్యం' అన్నచోట బరువు పడితే జనం తిరగబడతారు. 'రద్దు' అన్నచోట గొంతు తగ్గితే కంగారుపడతారు. ఏళ్ళ తరబడి అలా చదివిన ఫలితంగా, గాజుగది బయటా ఆమె మాట అదే చదునుతో వచ్చేది. తలనొప్పిగా ఉందన్నా ఎవరూ తలెత్తి చూసేవారు కారు.

చివరికి ఆమె బస్టాండు మైకులు చూసే వైర్ల మాస్టారును ఆశ్రయించింది. భోజన విరామంలో బ్యాటరీల గదిలో కూర్చుని గిటారు వాయించుకోవడం ఆయన అలవాటు.

"నువ్వు పాడతావా? జనం బస్సొచ్చిందనుకుని పెట్టెలు ఎత్తుకుంటారు తల్లీ" అన్నాడాయన.

"మీరు వాయించండి మాస్టారూ, ఎత్తుకుంటే ఎత్తుకోనీ."

ఆయన వాయించాడు, ఆమె పాడింది, పాట ఫోనులో రికార్డయింది.

ఆదివారం ఆమె అంది: "కొత్తది దొరికింది బావా. ఎవరో ఊరూ పేరూ లేని మనిషి."

పాట పూర్తయింది.

"ఉన్నారా?"

"ఉన్నాను. మళ్ళీ పెట్టు."

అంతవరకూ ఏ పాటనూ ఆయన రెండోసారి అడగలేదు. ఆమె మళ్ళీ పెట్టింది.

"దోషం చెప్తాను" అన్నాడు బావ. "ఈవిడ ఆ మనిషిని పిలుస్తున్నట్టు లేదు. వంతెన పాతది, ఓ పక్కగా నడవండి అని చెప్తున్నట్టుంది."

"మరి గుణం?"

"పై పన్ను ఒకటి కాస్త పొడుగు. అది నేను కట్టిందే."

బస్టాండు మెట్ల మీద జారి విరిగిన ఆమె ముందుపంటికి తొడుగు చేసింది బావే. అది వెంట్రుకవాసి పొడుగై, 'స' పలికినప్పుడల్లా సన్నని ఈల వచ్చేది. ప్రకటనల్లో ఆ ఈలను అణచడం ఆమె నేర్చుకుంది. పాటలో మాత్రం ప్రతి చరణం చివరా ఆ అక్షరమే ఉంది, ఆమె ధ్యాస శ్రుతి మీద ఉంది.

"మీ అక్క చెప్పి పోయిందా, బావను కనిపెట్టుకుని ఉండమని?" ఆయన గొంతు గట్టిపడింది.

"లేదు."

"మరేంటమ్మా ఈ వేషం? ఆదివారం పూట నేను గోడలకేసి చూస్తూ ఏడుస్తుంటాననా? నాకేం, దుక్కలా ఉన్నాను. చేతినిండా పనుంది. నా మీద జాలితో నువ్వు పాటలు కట్టక్కర్లేదు. ఇక్కడితో ఆపేద్దాం."

"మీ కోసం కాదు బావా." అంది ఆమె. "నాకే ఎవరూ లేరు. రోజంతా అంతమందితో మాట్లాడతాను. ఒక్కళ్ళూ తిరిగి మాట్లాడరు."

అది కూడా ప్లాట్‌ఫారం మారిందని చెప్పినట్టే వచ్చింది. తన చెవికే అలా వినిపించింది కాబట్టి, ఆయనకు వేరుగా వినిపించి ఉంటుందన్న ఆశ ఆమెకు కలగలేదు.

బావ "ఊఁ" అన్నాడు. ఆపైన "పనుంది" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

ఆ వారం ఆమె ఎప్పటిలాగే బస్సుల వేళలు చదివింది. ఆదివారం వచ్చింది. చేయడానికి కారణం లేదు కనుక చేయలేదు. మాట్లాడుకునే వేళ దాటిపోయింది. ఆమె సోమవారానికి కావలసిన చీర ఇస్త్రీకి పరుస్తుండగా ఫోను మోగింది.

"పాటేం లేదు" అన్నాడు బావ, పలకరింపు కూడా లేకుండా.

"సరే."

"దవడ ఒకటి సగంలో ఉంది. రేపు ఇవ్వాలి." ఆయన కాస్త తటపటాయించాడు. "పెట్టెయ్యనా?"

"వద్దు, ఉండనీండి. మీ పని మీరు చూసుకోండి."

ఆయన ఫోనును బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది, ఆపైన సానపట్టే చక్రం రొద. ఆమె ఫోనును కిటికీ గట్టున ఆనించి ఇస్త్రీ మొదలుపెట్టింది. చీర సగానికి వచ్చేసరికి అటు చక్రం ఆగింది.

"ఛ, ఎక్కువ అరిగింది."

"ఏంటి బావా?"

"నీతో కాదులే" అన్నాడాయన. చక్రం మళ్ళీ తిరిగింది. ఆమె చీర రెండో మడత వేసింది.