వరహాలు ఇంటి తాళం కప్ప

నేను ఒక ఇత్తడి తాళం కప్పని. అరచేతికి నిండుగా ఉంటాను, బరువు కూడా బాగానే తూగుతాను. పొగ కమ్మిన ఏదో కార్ఖానాలో నన్ను చేసినవాడు చెవి తిప్పి చూసి, "ఇది చచ్చినా తెరుచుకోదు" అన్నాడు. ఆ మాటను నేను మరీ మనసుకు పట్టించుకున్నాను. మొదట ఒక కాఫీ గోదాముకు కాపలా కాశాను. అది మూతపడ్డాక చింతపల్లి సంతలో ఓ గోనెపట్టా మీద పడి ఉంటే, లంబసింగి దగ్గర రాజ్మా పండించే వరహాలు నన్ను కొనుక్కున్నాడు.

వరహాలుకు ఉబ్బసం. కొండ మీద చలి ముదిరిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అందుకని పంట ఇంటికి చేరగానే అతనూ పెళ్ళాం పైడమ్మా ఇల్లు మూసి, కింద నర్సీపట్నంలో ఆమె అక్కగారింటికి దిగిపోతారు. చలి తగ్గాకే మళ్ళీ కొండెక్కుతారు. మిగతా ఏడాదంతా నేను మేకుకు వేలాడుతూ వాళ్ళ కబుర్లు వింటుంటాను. నాకు పని పడిందంటే ఇంట్లో మనుషులు లేరన్నమాటే. ఇంత అన్యాయమైన ఉద్యోగం ఇంకొకటి ఉండదు.

ఇల్లు మూయడమంటే పైడమ్మకు పెద్ద హడావిడి. పొయ్యిలో బూడిద ఎత్తి శుభ్రంగా అలుకుతుంది. విత్తనపు గింజల్లో ఆ బూడిద కలిపి కుండ మూతికి గుడ్డ కడుతుంది. మంచు రాకుండా కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కుతుంది. ఉన్న కుండలన్నిటి మీదా వెదురు గంపలు బోర్లిస్తుంది. కోళ్ళను పక్కింటి సింగారమ్మకు అప్పగించడం మాత్రం వరహాలు వంతు.

పోయిన ఏడు ఆ గంపల దగ్గరే పొరపాటు జరిగింది. ఇంటి మూలన ఊక పోసిన చట్టిలో నల్లకోడి గుడ్లు పొదుగుతోంది. పిల్లి ముట్టకుండా పైడమ్మ ముందే దానిమీదా ఒక గంప బోర్లించింది. పొదుగుకోడిని పైడమ్మే ఇచ్చి ఉంటుందనుకుని వరహాలు తక్కినవాటిని పట్టుకెళ్ళాడు. కోళ్ళు అతని పని కదా అని ఆమె ఊరుకుంది. గుడ్ల మీద కూర్చున్న కోడి ఊరికే నోరు మెదపదాయె.

తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, నన్ను బిగించారు. అప్పుడు లోపలి నుంచి చిన్న సణుగుడు వినిపించింది. నాకు గుండె ఉంటే గుభేలుమని ఉండేది. నీళ్ళూ గింజలూ లేకుండా గంప కింద ఆ తల్లి ఎన్నాళ్ళు బతుకుతుంది? దాని కడుపు కింద గుడ్ల గతేమిటి? అరిచి చెబుదామంటే నాకున్న నోరు అలాంటిది కాదు.

మనుషులు తాళాన్ని కొంటారు గానీ నమ్మరు. వేసి ఒకసారి లాగుతారు. నాలుగడుగులు వేసి, అనుమానమొచ్చి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగుతారు. వరహాలైతే ఆయాసపడుతూ కూడా లాగుతాడు. కింద రోడ్డు మీద బస్సు హారన్ మోగుతోంది.

"ఎన్నిసార్లు లాగుతావు మావా? పడింది గదా! బస్సెల్లిపోద్ది, బేగి రా!" అని పైడమ్మ అరిచింది.

"ఉండవే, ఇంకొక్కసారి."

తాళం కప్పకున్న పరువల్లా ఒక్కటే, చెవి లేకుండా తెరుచుకోకపోవడం. అది పోతే నేనొక ఇత్తడి ముక్కని. నాకు ఏడుపొచ్చింది. అయినా అతను లాగగానే బిగువు వదిలేసి టక్కున నోరు తెరిచాను.

"ఓలమ్మో, తాలం ఊడొచ్చేసింది!" అంటూ పైడమ్మ వెనక్కి పరిగెత్తుకొచ్చి తలుపు తోసింది. ఆ చప్పుడుకు బెదిరి గంప కింద కోడి గోల పెట్టింది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"నువ్వియ్యనేదేటి?"

"నువ్వియ్యనేదా?"

సింగారమ్మ తన పెట్టె తాళం తెచ్చి తలుపుకు వేసింది గానీ, పొదుగుకోడిని చూసుకోవడం తన వల్ల కాదంది. కోడి గుడ్లతో, ఊకతో సహా గంపలో బస్సెక్కింది. పాడైపోయిందని నన్నూ ఆ గంపలోనే పడేశారు. కోడికి టికెట్టు కొట్టమంటారా అని కండక్టరు అడిగితే బస్సంతా నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక ఇంటివాళ్ళతో కలిసి ఊరికెళ్ళడం నాకదే మొదలు! నల్లకోడి గుడ్లతో పాటు నన్నూ రెక్క కిందికి లాక్కుంది. ఆ వెచ్చదనం ఏమని చెప్పను.

నర్సీపట్నంలో గుడ్లు పగిలి ఇల్లంతా కిచకిచలు. ఓ రోజు పాత సామాన్లవాడు వస్తే వరహాలు నన్ను తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాడు.

"ఇది పడతాదా బాబూ?" అన్నాడు వాడు.

"పడదు."

పైడమ్మ వచ్చి నన్ను వాడి చేతిలోంచి లాక్కుంది. "పడకపోబట్టే గదా ఇయ్యన్నీ బతికినాయి! దీన్ని అమ్మను."

నన్ను కొంగుతో తుడిచి కోడిపిల్లల మధ్య పెట్టింది. ఆ పూట నాకున్న గర్వం ఏ కోట తాళానికీ ఉండి ఉండదు.